ఆది జాకెట్టు

జాకెట్టు గుడ్డ పట్టుకెళ్తే మన ఊరి టైలరు ముందుగా అడిగేది "ఆది తెచ్చారా అమ్మా?" అని. ఒంటికి కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి వస్తే చాలు, దాని కొలతలకి కొత్తది కుట్టేస్తాడు. తొడుక్కునే మనిషి రానక్కర్లేదు. మా అమ్మ ఆది జాకెట్టు పదిహేనేళ్ళు ఆ ఉద్యోగంలోనే ఉంది. దాన్ని ఎవరైనా తొడుక్కోవడం నేను చూడలేదు. దాని బాధేమిటో నాకు మినెసోటా వచ్చాక తెలిసింది.

మా పక్కింటాయన 6 అడుగుల 3 అంగుళాల మనిషి. రిటైరయ్యాడు. ఒక సెప్టెంబరు సాయంత్రం గడ్డి కోసే మిషను మధ్యలో ఆపేసి నన్ను ఎగాదిగా చూశాడు. పశువుల సంతలో కొనేవాడు చూసే చూపు.

"నీ ఎత్తెంత?"

అమెరికాలో జీతం, వయసు, బరువు అడగకూడదని దిగిన వారంలోనే ఎవరో చెప్పారు. ఎత్తు సంగతి చెప్పలేదు. "5 అడుగుల 2 అంగుళాలండీ" అన్నాను. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క 'యూ'యే కావచ్చు గానీ, అరవై దాటిన మనిషితో నేను మాట్లాడే ఇంగ్లీషులో ఒక 'అండీ' ఎక్కడో నక్కి ఉంటుంది.

"బరువు?"

"120 పౌన్లు."

ఆయన మొహం విచ్చుకుంది. "అచ్చం మా ఆవిడే! శనివారం ఖాళీయేనా?"

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఆ సాయంత్రం ఆ పుట్టెడులో ఒక్క గింజ కూడా అక్కరకు రాలేదు. ఖాళీయేనన్నాను.

సంగతేమిటంటే, ఆ దంపతులకి మంచు మీద పోయే బండి, స్నోమొబైల్, ఒకటే ఉంది. అక్కడి వాళ్ళు దాన్ని స్నోమొబైల్ అనరు, స్లెడ్ అంటారు. ముందు ఆయన, వెనక ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఉత్తర మినెసోటా అడవులన్నీ తిరిగారు గానీ, ఆ అడవుల్లో ఆవిడ చూసింది ఎక్కువగా ఆయన వీపే. ఆ ఏడు తనకి వేరే బండి కావాలంది. మామూలు బండి, నడపడానికి తేలిగ్గా ఉండేది. ఆవిడ నోరు మూసేలోపు ఆయన ఒప్పేసుకున్నాడు. ఆ తొందర చూసైనా ఆవిడ అనుమానించాల్సింది.

నాలుగు నెలలు మంచు నిలిచే ప్రతి ఊళ్ళోనూ ఈ మనిషి ఉంటాడు. పోల్చుకోవడం కష్టం కాదు. షోరూముకి ఒంటరిగా వస్తాడు. "మా ఆవిడ కోసం" అంటాడు. అనేటప్పుడు గొంతులో త్యాగం పలుకుతుంది, కళ్ళు మాత్రం షాపులో అన్నిటికన్నా పెద్ద బండి మీద ఉంటాయి. ఆవిడ ఎత్తెంతంటే అరచెయ్యి తన చంక దగ్గర పెట్టి "ఇంత" అంటాడు. బరువెంతంటే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, పది పౌన్లు తగ్గించి, రహస్యంగా చెప్తాడు. చేతులు పెద్దవా చిన్నవా అంటే ఆలోచనలో పడతాడు. ఆ చేతులు ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి కాఫీ అందిస్తున్నాయి. మరి ఇంజను గురించి అడగండి. పిస్టను ఎన్ని మిల్లీమీటర్లో చెప్తాడు.

ఈ జాతి మనవైపు లేదనుకోకండి. ఆవిడకి కాలక్షేపం కావాలని 65 అంగుళాల టీవీ కొని, క్రికెట్టు సీజను అయ్యేదాకా రిమోటు జేబులో పెట్టుకు తిరిగినవాణ్ణి నేనెరుగుదును.

మినెసోటాలో లేబర్ డే వెళ్ళాక వచ్చే శని ఆదివారాల్లో నార్త్ బ్రాంచ్ అనే ఊళ్ళో హే డేస్ అని జాతర చేస్తారు. స్నో బేరన్స్ అనే క్లబ్బు వాళ్ళది. మంచు బండ్ల జాతరే గానీ మంచు ఉండదు. ఎండలో, పచ్చగడ్డి మీద, మంచు బండ్లకి పరుగు పందాలు. సంక్రాంతికి ఎడ్ల పందాలు చూసినవాడికి కొత్తగా ఏమీ ఉండదు, అక్కడ దుమ్ము లేస్తుంది, ఇక్కడ పొగ లేస్తుంది. ఒక పక్క పాత స్లెడ్లని గడ్డి మీద వరసగా పేర్చి, మడత కుర్చీల్లో కూర్చుని అమ్ముకునేవాళ్ళు. మా పక్కింటాయన ప్రతి బండి దగ్గరా ఆగేవాడు. నన్ను ఎక్కి కూర్చోమనేవాడు. నేను కూర్చునేవాణ్ణి. "ఎందుకమ్ముతున్నారు?" అని ఈయన అడిగితే, మడత కుర్చీలోని పెద్దమనిషి టోపీ సర్దుకుని, "మా ఆవిడ కోసం కొన్నాను. రెండుసార్లే ఎక్కింది" అనేవాడు.

మధ్యాహ్నానికి ఈ మాట పదకొండు చోట్ల విన్నాం. లెక్కపెట్టింది నేను. ఆయన ప్రతిసారీ "అరెరే" అని ముందుకు కదిలాడు.

ఆ పందేల పొగ ముక్కుకి తగలగానే నాకు కళ్ళు చెమర్చాయి. సగం పొగకి, సగం మా ఊరికి. అది టూ స్ట్రోకు వాసన. మా మేనమామ యమహా ఆర్‌ఎక్స్ 100 వాసన. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిలు పోయించుకునే రోజుల వాసన. ఆ మాటే ఆయనకి చెప్పాను, మాకు యమహా అంటే టూ స్ట్రోకని. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆయనకి యమహా అంటే ఫోర్ స్ట్రోకు. మోటారుసైకిలు ఇంజను తెచ్చి స్లెడ్డులో పెట్టి, 2003 మోడలుగా ఆర్‌ఎక్స్-1 అని దింపిన కంపెనీ. ఉత్తర అమెరికాలో ఈ వ్యాపారం 2025తో ఆపేస్తానని 2023లో ఆ కంపెనీ ప్రకటించిన రోజు ఆయన భోజనం చేయలేదట. అదే మూడక్షరాల పేరు, అదే 'ఆర్‌ఎక్స్'. ఒకడికి నీలి పొగ, ఒకడికి పొగే లేకపోవడం. ఇద్దరం కాసేపు మౌనంగా హాట్‌డాగులు తిన్నాం.

భార్యకి ఫోర్ స్ట్రోకే ఎందుకో ఆయన చెప్పిన కారణాలు సబబైనవే, ఒప్పుకోవాలి. బట్టలకి పొగ కంపు పట్టదు. ఆవిడ నర్సు, వాసనలు పడవు. ఆగి ఉన్నప్పుడు పక్కవాళ్ళతో అరవకుండా మాట్లాడుకోవచ్చు. పెట్రోలు తక్కువ తాగుతుంది. పెట్రోలుతో పాటు ఆయిలు తాగదు, మోటారుసైకిలుకి మార్చినట్టు అప్పుడప్పుడు మారిస్తే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, యాక్సిలరేటరు వదలగానే ఇంజనే బండిని వెనక్కి పట్టి నెమ్మదింపజేస్తుంది. కొత్తగా నడిపేవాళ్ళకి అది పెద్ద ధైర్యం. టూ స్ట్రోకు అలా కాదు, వదిలేసినా కాసేపు తన ఉత్సాహాన తాను పోతూనే ఉంటుంది. రివర్సు మరీ విడ్డూరం, టూ స్ట్రోకుల్లో చాలావాటికి బండిని వెనక్కి నడపాలంటే ఇంజనే ఆగినంత పనిచేసి తిరగబడి తిరుగుతుంది. ఎల్లోస్టోన్ పార్కు ద్వారం దగ్గర ఒకప్పుడు ఆ పొగకి కాపలా ఉద్యోగులు మొహాలకి మాస్కులు తగిలించుకుని నిలబడ్డారు. ఇప్పుడు అక్కడికి చప్పుడూ పొగా తక్కువున్న బండ్లనే రానిస్తారు, అంటే దాదాపు అన్నీ ఫోర్ స్ట్రోకులే.

ఇంత మంచి ఇంజనుకి ఒకటే దోషం, బరువు. అదీ ముక్కు దగ్గర బరువు. తిప్పినప్పుడు భుజాలకి తెలుస్తుంది. దారి పక్క మెత్తటి మంచులో కూరుకుపోతే నడుముకి తెలుస్తుంది. ఆరడుగుల మనిషి బండి ముందరి స్కీ పట్టుకుని ఒక ఊపున పక్కకి జరుపుతాడు. 120 పౌన్ల మనిషి స్కీ పట్టుకుని ఫోన్లో సిగ్నలు ఉందేమో చూసుకోవాలి.

అక్టోబరంతా శనివారాలు షోరూముల్లో గడిచాయి. ఆవిడకి శనివారాలు ఆస్పత్రి డ్యూటీ. అందుకే నేను. నన్ను బండి మీద కూర్చోబెట్టి ఆయన చుట్టూ తిరిగేవాడు. "మోకాళ్ళు ఎక్కడున్నాయి? హ్యాండిలు అందుతోందా? నిలబడు. ఇప్పుడు ఎడమకి ఒరుగు. మా ఆవిడలా ఒరుగు." ఆవిడెలా ఒరుగుతుందో నాకేం తెలుసు? ఆయనకీ తెలియదు, ఆవిడ ఎప్పుడూ వెనక కదా ఉండేది. సేల్సు కుర్రాడు మొదటి వారం నన్నే కొనేవాడనుకుని కాఫీ ఇచ్చాడు. రెండో వారం ఆయన 'మా ఆవిడ, మా ఆవిడ' అంటూ నన్ను సీటు మీద వెనక్కి జరుపుతుంటే ఇంకేదో అనుకుని ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పాడు.

హార్స్‌పవర్ కథ మాత్రం పూర్తిగా చెప్పాలి. మొదటి శనివారం చూసింది 600 సీసీ రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోకు. 60 చిల్లర గుర్రాలు. సౌమ్యమైన బండి. నా కాళ్ళకీ చేతులకీ అందింది. "ఇదే" అన్నాను. ఆయన పెదవి విరవలేదు. మినెసోటా వాళ్ళు పెదవి విరవరు. "ఇట్స్ డిఫరెంట్" అన్నాడు. ఆ రాష్ట్రంలో అంతకు మించిన తిట్టు లేదు. వారం తిరిగేసరికి 900 సీసీ, మూడు సిలిండర్లు, 90 పైన గుర్రాలు. కారణం? "ఎదురుగా ట్రక్కేదైనా వస్తే తప్పించుకోవాలిగా." స్లెడ్లు తిరిగే ట్రెయిళ్ళ మీదికి ట్రక్కులు రావు. మూడో వారం అదే ఇంజనుకి టర్బో, 150. "కొండ ఎక్కాలంటే." మేమున్న చోట కొండ అని పిలిచేదాన్ని మా ఊళ్ళో చెరువు గట్టు అంటారు. నాలుగో వారం 180 గుర్రాల టర్బో ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆవిడ భద్రత ముందు డబ్బు ఒక లెక్కా?" అన్నాడు.

దాని బరువు పెట్రోలు పోయకముందే 500 పౌన్లు దాటుతుంది. నాలాంటి నలుగురికి పైనే.

కూర్చున్నవాడికి చరిత్ర పాఠాలు ఉచితం. రోజో అనే ఊళ్ళో, కెనడా సరిహద్దు పక్కన, 1954లో స్లెడ్ల కంపెనీ పొలారిస్ పుట్టడం. ఆ ముగ్గురు వ్యవస్థాపకుల్లో ఎడ్గర్ హెటీన్ 1960లో అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా సుమారు 1,200 మైళ్ళు స్లెడ్ల మీద పోవడం, తర్వాత కంపెనీ వదిలేసి థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్‌కి పునాది వేయడం. రెండూ సొంత రాష్ట్రంవి. అందుకని క్యుబెక్ నుంచి వచ్చే పసుపుపచ్చ స్కీ-డూ వైపు ఆయన చూపు, మేనరికం ఉండగా బయటి సంబంధం చూడవలసి వచ్చిన తండ్రి చూపు. అయినా ఆ సంస్థ మూలపురుషుడు బొంబార్డియే కథ చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది. 1934 చలికాలంలో, వాల్కూర్ అనే ఊళ్ళో, దారులు మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి చేర్చలేక రెండేళ్ళ కొడుకుని పోగొట్టుకున్నాడు ఆయన. మంచు మీద పోయే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్నవాడు. చిన్న స్కీ-డూ 1959లో గానీ రాలేదు. ఈ కథ చెప్పి మా పక్కింటాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "అందుకే టర్బో ఉండాలి" అన్నాడు.

జనవరిలో మంచు గట్టిపడ్డాక, కూర్చుంటే చాలదు, నడిపి చూడాలన్నాడు. ఉత్తరాన ఒక ఊళ్ళో అద్దెకి దొరుకుతాయి. అక్కడొక చిక్కు. మినెసోటాలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకి స్లెడ్ నడపాలంటే భద్రతా శిక్షణ ధ్రువపత్రం కావాలి. ఆయన అంతకు ముందే పుట్టాడు. ఆవిడా పుట్టింది. బండి కొనేవాడికి అక్కర్లేదు, ఎక్కే ఆవిడకి అక్కర్లేదు, ఆది జాకెట్టుకి కావాలి. రాత్రులు పాఠాలు చదివి పరీక్ష పాసయ్యాను. మంచుగడ్డ నాలుగంగుళాల మందముంటే మనిషి నడవొచ్చు, స్లెడ్డుకి ఐదు నుంచి ఏడు కావాలి. ఇప్పటికీ నోటికొచ్చు.

మూడు వారాంతాలు, మూడు రకాల ఫోర్ స్ట్రోకులు. నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, బరువైన మనిషికి బిగించిన స్ప్రింగుల మీద తేలికైన మనిషి కూర్చుంటే అది ఖాళీ లారీ. గతుకుల రోడ్డు మీద నిండు లారీ ఒదిగి పోతుంది, ఖాళీది ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగులు వదులు చేయించుకోవాలి, ఒక్కోసారి మార్పించుకోవాలి. ఆ సంగతి ఆయనకి చెప్తే, "బాగానే ఉందే, నాకు మెత్తగా ఉంది" అన్నాడు. ఆయన 240 పౌన్లు. రెండోది బొటనవేలు. స్లెడ్డుకి యాక్సిలరేటరు కుడి బొటనవేలి కింద ఉంటుంది. తీగతో లాగే పాత బండి ఒకటి 60 మైళ్ళు నడిపి దిగేసరికి ఆ వేలు నాది కాదు. రెండు రోజులు ఆఫీసులో స్పేస్‌బారు ఎడమ చేత్తో నొక్కాను. ఎలక్ట్రానిక్ యాక్సిలరేటరున్న చిన్న 600లో ఆ బాధ లేదు, ఊరికే ఆనిస్తే చాలు. ఇది కూడా చెప్పాను. ఆయన హార్స్‌పవర్ గురించి మాట్లాడాడు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం వాళ్ళింటికి కూరగిన్నె తిరిగివ్వడానికి వెళ్ళాను. ఆయన లేడు. ఆవిడ కూర్చోమని నిమ్మకాయ బార్లు పెట్టింది. మేమిద్దరం ఒకే ఎత్తన్న సంగతి ఆ బల్ల దగ్గరే మొదటిసారి గమనించాను. ఇద్దరి కాళ్ళూ నేలకి ఒక అంగుళం పైన వేలాడుతున్నాయి.

"ఒకటి అడుగుతాను. బొటనవేలు నొప్పి పుట్టిందా?" అంది.

ఐదు నెలల్లో ఎవరూ నన్నేమీ అడగలేదు. కూర్చోమన్నారు, లేవమన్నారు, ఒరగమన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతా చెప్పేశాను. ఏ బండికి వేలు నొప్పెట్టింది, దేనికి పెట్టలేదు. మందపాటి మిటెన్లు వేసుకుంటే ఎడమ చేతి బ్రేకు దేనికి అందుతుంది, దేనికి వేళ్ళ కొసలే తగులుతాయి. నిలబడితే హ్యాండిలు ఏ బండిలో మోకాళ్ళకి తగిలింది. ఆవిడ ఆస్పత్రిలో రోగి మాటలు రాసుకున్నట్టు ఒక కవరు వెనక అన్నీ రాసుకుంది. మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది. "180దో?"

"అదెక్కితే ఆంబోతు మీద కూర్చున్నట్టుందండీ" అన్నాను.

తల ఊపింది. "అది ఆయన బండి. మొదటివారమే తెలుసు నాకు."

మరుసటి వారం ఆవిడకి మంగళవారం సెలవు. తన బూట్లు, తన మిటెన్లు వేసుకుని ఒక్కతే షోరూముకి వెళ్ళింది. కూర్చుంది, నిలబడింది, మిటెన్లతో బ్రేకు నొక్కి చూసింది. ఆ చిన్న 600కే ఆర్డరిచ్చింది. హ్యాండిలు కొంచెం దగ్గరికి జరిపించమంది, తన బరువుకి తగ్గ స్ప్రింగులు వేయించమంది. బరువు ఒక్క పౌను కూడా తగ్గించకుండా చెప్పింది. పావుగంటలో బయటపడిందట. స్లెడ్లు వసంతంలో ఆర్డరిస్తే ఆకులు రాలే కాలానికి వస్తాయి. రెండు వచ్చాయి. రెండోది టర్బో. "ఆవిడకి దారిలో ఏమైనా అయితే లాక్కురావడానికి బలమున్న బండి ఉండాలిగా" అని వీధంతా చెప్పాడు. చిన్నది ఎంపిక చేసింది కూడా తనేనని చెప్పాడు. "ఐదు నెలలు పరిశోధించాం" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ "నాట్ టూ బ్యాడ్" అంది. ఆ రాష్ట్రంలో అంతకు మించిన పొగడ్త లేదు.

ఆ డిసెంబరులో టర్బో దారి పక్క మంచులో దిగబడ్డప్పుడు దాన్ని బయటికి తీయడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ కొంచెం ముందుకెళ్ళి ఇంజను ఆపి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ అడవిని చూసింది. వీపు అడ్డం లేకుండా.

మొన్న ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టాడు. రెండు బండ్లూ తీసుకెళ్ళడానికి కప్పున్న ట్రెయిలరు చూస్తున్నాడట. మొదట చూసింది రెండు బండ్లు పట్టేది. ఇప్పుడు చూస్తున్నది నాలుగు పట్టేది, లోపల హీటరు, బెంచీ, చిన్న బీరువా ఉన్నది.

"రెండు బండ్లకి నాలుగు పట్టేది ఎందుకండీ?" అన్నాను.

"మా ఆవిడ లోపల బట్టలు మార్చుకోవాలిగా" అన్నాడు. "చలి కదా. బూట్లు వేసుకో. ఒకసారి లోపలికెళ్ళి నిలబడి చూద్దువు గాని, తల తగులుతుందో లేదో."